పశువుల గ్రంథి కణజాలంలో పురుష లైంగిక హార్మోన్ల జీవక్రియ

ఆబోతుకూ ఎద్దుకూ గల తేడా వృషణాలదేనన్నది పశుపోషకులకు తరతరాలుగా తెలిసిన విషయమే. చిన్ననాడే విత్తు కొట్టిన కోడెకు మెడ లావెక్కదు, మూపురం బలియదు, ఆవుల వెంట పడే గుణం అబ్బదు. వృషణాలు రక్తంలోకి విడుదల చేసే టెస్టోస్టిరాన్ అనే హార్మోనే ఈ లక్షణాలన్నింటికీ మూలమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ మాట తప్పు కాదు, కాని అసంపూర్ణం. వృషణం నుండి బయలుదేరిన టెస్టోస్టిరాన్ తాను పనిచేయవలసిన గ్రంథిని చేరిన తరువాత చాలా సందర్భాలలో టెస్టోస్టిరాన్‌గా మిగలదు. ఆ గ్రంథి కణాలలోని ఎంజైములు దానిని మరింత చురుకైన రూపంలోకి మారుస్తాయి. పని ముగిసిన తరువాత నిర్వీర్యం చేసేవి కూడా అవే కణాలలోని ఇతర ఎంజైములు. ఒకే రక్తాన్ని అందుకుంటున్న రెండు గ్రంథులు రెండు వేరువేరు హార్మోన్ల ప్రభావంలో ఉండవచ్చును. కనుక రక్తపరీక్షలో తేలిన టెస్టోస్టిరాన్ పరిమాణాన్ని మాత్రమే చూసి గ్రంథి స్థితిని నిర్ణయించడం పొరపాటుకు దారితీస్తుంది.

ఈ సంగతి బయటపడిన క్రమం కొంత విచిత్రమైనది. 1931లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యుటెనాంట్ సుమారు 15,000 లీటర్ల పురుషుల మూత్రం నుండి 15 మిల్లీగ్రాముల స్ఫటిక పదార్థాన్ని వేరుచేసి దానికి ఆండ్రోస్టిరోన్ అని పేరు పెట్టాడు. వృషణాలు తొలగించిన కోడిపుంజులో ముడుచుకుపోయిన తురాయిని తిరిగి పెంచగల శక్తి ఆ పదార్థానికి ఉండేది. ఆనాడు పురుష హార్మోనును గుర్తించే పరీక్ష అదే. నాలుగేళ్ళ తరువాత, 1935లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం సుమారు 100 కిలోల ఆబోతు వృషణాల నుండి 10 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్‌ను రాబట్టింది. తురాయి పరీక్షలో అది ఆండ్రోస్టిరోన్ కంటె ఎన్నో రెట్లు శక్తివంతమైనదని తేలింది. అంటే శాస్త్రజ్ఞుల చేతికి మొదట చిక్కినది అసలు హార్మోను కాదు, శరీరం వాడుకొని విసర్జించిన దాని శేషం. ఈ చరిత్ర ప్రభావమేమో, ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు హార్మోను జీవక్రియ అంటే ప్రధానంగా కాలేయంలో జరిగే పారిశుద్ధ్యపు పనిగానే భావించబడింది.

1968లో ఆ అభిప్రాయం మారింది. అమెరికాలోని డల్లాస్‌లో నికొలస్ బ్రుకోవ్‌స్కీ, జీన్ విల్సన్ రేడియోధార్మిక టెస్టోస్టిరాన్‌ను ఎలుకలకు ఇచ్చి, కొద్దిసేపటికే వాటి ప్రోస్టేట్ గ్రంథి కణాలను పరిశీలించారు. కణకేంద్రకాలలో నిలిచి ఉన్న రేడియోధార్మికతలో అధికభాగం టెస్టోస్టిరాన్‌ది కాదు, దాని నుండి పుట్టిన డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే మరొక స్టిరాయిడ్‌ది. అదే సంవత్సరం షికాగోలో ఆండర్సన్, లియావో కూడా ప్రోస్టేట్ కేంద్రకాలు ఈ పదార్థాన్నే ఎంచుకొని పట్టి ఉంచుతాయని చూపారు. దీనితో గ్రంథికి కొత్త స్థానం లభించింది. అది హార్మోను ఆజ్ఞను శిరసావహించే అవయవం మాత్రమే కాదు, తనపై పనిచేయవలసిన హార్మోనును తానే తయారుచేసుకునే కార్మాగారం కూడా.

కణంలో జరిగే మార్పులు

టెస్టోస్టిరాన్ కొవ్వులో కరిగే స్టిరాయిడ్ కనుక కణత్వచాన్ని సులువుగా దాటుతుంది. ప్రోస్టేట్ కణంలో దానికి ఎదురయ్యే ముఖ్యమైన ఎంజైము 5-ఆల్ఫా రిడక్టేజ్. ఇది ఎన్.ఎ.డి.పి.హెచ్. అనే సహకారకం సాయంతో స్టిరాయిడ్ మొదటి వలయంలో 4, 5 స్థానాలలోని కర్బన పరమాణువుల మధ్య గల ద్విబంధాన్ని హైడ్రోజన్‌తో నింపుతుంది. ఆ విధంగా ఏర్పడేదే డైహైడ్రోటెస్టోస్టిరాన్, వాడుకలో డి.హెచ్.టి. రసాయనపరంగా మార్పు చాలా చిన్నదే అయినా పర్యవసానాలు పెద్దవి. మొదటిది, ఈ చర్యకు తిరుగుదారి లేదు. డి.హెచ్.టి.ని కణం మళ్ళీ టెస్టోస్టిరాన్‌గా మార్చలేదు. రెండవది, టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చే అరోమటేజ్ ఎంజైము డి.హెచ్.టి.పై పనిచేయదు. మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. కణంలోని ఆండ్రోజన్ గ్రాహకానికి టెస్టోస్టిరాన్ కూడా అతుక్కుంటుంది కాని త్వరగా విడిపోతుంది. డి.హెచ్.టి. గట్టిగా పట్టుకొని, ఆలస్యంగా వదులుతుంది. అందువలన అతి తక్కువ మోతాదులో కూడా గ్రాహకాన్ని పనిలో ఉంచగలుగుతుంది.

మానవ ప్రోస్టేట్‌పై జరిగిన కొలతలు ఈ విషయాన్ని స్పష్టంగా చూపుతాయి. పురుషుని రక్తంలో టెస్టోస్టిరాన్, డి.హెచ్.టి. కంటె సుమారు పదింతలు ఎక్కువగా ఉంటుంది. ప్రోస్టేట్ కణజాలంలో ఆ నిష్పత్తి తలకిందులవుతుంది, అక్కడ డి.హెచ్.టి.దే పైచేయి.

5-ఆల్ఫా రిడక్టేజ్ ఒకే ఎంజైము కాదు. దీనికి రెండు ప్రధాన రూపాలు ఉన్నట్లు 1990 ప్రాంతంలో జన్యువుల స్థాయిలో నిర్ధారణ అయింది. మొదటి రకం కాలేయంలోను, చర్మంలోను అధికం. రెండవ రకం ప్రోస్టేట్, శుక్రాశయ గ్రంథులు, ఎపిడిడిమిస్ వంటి పురుష జననావయవాలలో ముఖ్యం. మొదటి రకానికి టెస్టోస్టిరాన్ మైక్రోమోలార్ స్థాయిలో అందితే గాని పని సాగదు. రెండవ రకం నానోమోలార్ స్థాయిలోనే దానిని ఒడిసిపట్టగలదు. రక్తం నుండి వచ్చే కొద్దిపాటి హార్మోనుపై ఆధారపడే గ్రంథిలో రెండవ రకం ఎందుకు ఉన్నదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

తయారీ ఒక పార్శ్వమే. చెరువులో నీటిమట్టం వచ్చే వాగును బట్టి ఎంత ఉంటుందో, తూములను బట్టి కూడా అంతే ఉంటుంది. విద్యార్థులు 5-ఆల్ఫా రిడక్టేజ్‌ను గుర్తుంచుకున్నంతగా ఈ తూములను గుర్తుంచుకోరు. డి.హెచ్.టి.లో 3వ స్థానంలోని కీటోన్‌ను రిడక్షన్ చేసే ఎంజైములు దానిని రెండు డయోల్‌లుగా మారుస్తాయి. 3-ఆల్ఫా డయోల్ వైపు వెళ్ళే దారి రెండువైపులా తెరచి ఉంటుంది. అవసరమైనపుడు ఆక్సీకరణ ఎంజైములు దానిని తిరిగి డి.హెచ్.టి.గా మార్చగలవు. కనుక 3-ఆల్ఫా డయోల్‌ను వ్యర్థంగా కాక, నిల్వగా చూడడమే సరియైనది. 3-బీటా డయోల్ సంగతి వేరు. ఎలుక, కుక్క ప్రోస్టేట్‌లలో ఈ పదార్థానికి 6వ లేదా 7వ స్థానంలో మరొక హైడ్రాక్సిల్ చేరి ట్రయోల్‌లు ఏర్పడతాయి. అక్కడి నుండి వెనుకకు దారి లేదు. నీటిలో ఎక్కువగా కరిగే ఆ పదార్థాలు కణం విడిచి పోతాయి. మరొకవైపు 17వ స్థానంలోని హైడ్రాక్సిల్‌ను ఆక్సీకరించే ఎంజైము టెస్టోస్టిరాన్‌ను బలహీనమైన ఆండ్రోస్టీన్‌డయోన్‌గా మారుస్తుంది. కాలేయం చేరిన శేషాలు గ్లూకురోనిక్ ఆమ్లంతోనో సల్ఫేట్‌తోనో కలిసి మూత్రంలో వెలువడతాయి. బ్యుటెనాంట్ మూత్రంలో కనుగొన్న ఆండ్రోస్టిరోన్ ఈ దారి చివరన ఉన్న పదార్థమే.

వాగు ఎండితే ఏమవుతుందో ఎలుక ప్రోస్టేట్ చూపుతుంది. వృషణాలు తొలగించిన ఒకటి రెండు రోజులలోనే గ్రంథిలో డి.హెచ్.టి. అడుగంటుతుంది. ఆ తరువాత స్రావక కణాలు తమంతట తాము మరణించే ప్రక్రియకు లోనై, రెండు మూడు వారాలలో ఉదర ప్రోస్టేట్ తన బరువులో అధికభాగం కోల్పోతుంది. ఆండ్రోజన్ తిరిగి ఇస్తే అది మళ్ళీ పెరుగుతుంది.

గ్రంథి గ్రంథికీ వేరు తీరు

ఆబోతులో ప్రోస్టేట్ చిన్నది. వీర్యద్రవంలో పెద్దభాగం శుక్రాశయ గ్రంథులదే. ఈ గ్రంథులు ఆండ్రోజన్ ప్రభావంలో రక్తంలోని గ్లూకోజ్ నుండి ఫ్రక్టోజ్‌ను తయారుచేస్తాయి. వీర్యంలోని చక్కెర ఫ్రక్టోజేనని కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త థాడియస్ మాన్ 1946లో నిరూపించాడు. వృషణాలు తొలగిస్తే ఫ్రక్టోజ్ మాయమవుతుందని, టెస్టోస్టిరాన్ ఇస్తే తిరిగి వస్తుందని ఆ తరువాత తేలింది. గ్రంథిని కోయకుండానే దానిపై హార్మోను పనిచేస్తున్నదీ లేనిదీ దాని స్రావమే చెబుతుందన్నమాట. 1957లో మాన్, అతని సహచరులు ఒకే అండం నుండి పుట్టిన కవల కోడెదూడలలో ఒకదానికి సమృద్ధిగాను, రెండవదానికి అరకొరగాను మేత వేసి పెంచారు. మేత తక్కువైన దూడలో ఫ్రక్టోజ్, సిట్రిక్ ఆమ్లాల స్రావం బాగా ఆలస్యమైంది. శుక్రకణాల ఉత్పత్తి అంతగా ఆలస్యం కాలేదు. వృషణంలో శుక్రకణాలు పుట్టినంత మాత్రాన అనుబంధ గ్రంథులకు హార్మోను అందినట్లు కాదు. కోడెదూడ ఎదిగే వయసులో మేత తగ్గిస్తే నష్టం మొదట కనిపించేది ఈ గ్రంథులలోనే. వీర్యోత్పత్తి కేంద్రాలకు దూడలను పెంచే రైతులకు చెప్పవలసిన విషయాలలో ఇది ఒకటి.

మగ పంది ఇంకా విడ్డూరమైన ఉదాహరణ. దాని వృషణాలు టెస్టోస్టిరాన్‌తో పాటు ఆండ్రోస్టినోన్ అనే స్టిరాయిడ్‌ను భారీగా తయారుచేస్తాయి. నిజానికి దీనికి పురుష హార్మోను శక్తి లేదు. పుట్టుక మాత్రం అదే కణాలలో, అదే ముడిపదార్థం నుండి. రక్తంలో ప్రవహించే ఆండ్రోస్టినోన్‌కు రెండు గమ్యాలు. ఒకటి దవడ కింది లాలాజల గ్రంథి. అక్కడ ఫెరోమాక్సిన్ అనే ప్రోటీన్ దానిని పట్టి ఉంచుతుంది. ఆ గ్రంథి ఎంజైములే అందులో కొంతభాగాన్ని రిడక్షన్ ద్వారా కస్తూరి వాసన గల ఆండ్రోస్టినాల్‌గా మారుస్తాయి. ఆడ పంది ఎదురైనపుడు మగ పంది దవడలాడిస్తూ నురగ కక్కడం ఈ పదార్థాలను గాలిలోకి వదలడానికే. ఎదలో ఉన్న ఆడ పంది ఆ వాసనకు కదలకుండా నిలబడిపోతుంది. ఈ గ్రంథులను తొలగించిన మగ పందుల పట్ల ఆడ పందుల స్పందన తగ్గినట్లు ప్రయోగాలలో తేలింది. కృత్రిమ గర్భధారణ వేళ ఎదను గుర్తించడానికి ఆండ్రోస్టినోన్‌ను పిచికారీ రూపంలో వాడడం దీని ఫలితమే.

రెండవ గమ్యం కొవ్వు. అక్కడ పోగుపడిన ఆండ్రోస్టినోన్ మాంసం వండేటప్పుడు మూత్రాన్ని పోలిన దుర్వాసనగా బయటపడుతుంది. పేగులలో పుట్టే స్కాటోల్ దానికి తోడవుతుంది. గ్రాము కొవ్వులో 0.5 నుండి 1 మైక్రోగ్రాము దాటితే వాసన పసిగట్టగలవారు ఆ మాంసాన్ని తిరస్కరిస్తారు. అందరి ముక్కూ దీనిని పసిగట్టలేదు, అది వేరే సంగతి. మగ పందిపిల్లలకు విత్తు కొట్టడానికి ప్రధాన కారణం ఇదే. శస్త్రచికిత్సకు బదులు మెదడు నుండి వృషణానికి వెళ్ళే హార్మోను ఆజ్ఞను అడ్డుకునే టీకా 1998 నుండి ఆస్ట్రేలియాలో, తరువాత ఇతర దేశాలలో వాడుకలోకి వచ్చింది. అయితే ఒకే తీరుగా పెరిగిన మగ పందులన్నింటిలో కొవ్వులోని ఆండ్రోస్టినోన్ సమానంగా ఉండదు. వృషణం ఎంత తయారుచేసినదన్నదే కాక, కాలేయం ఎంత వేగంగా దానిని మార్చి వదిలించుకోగలిగినదన్నది కూడా ఇక్కడ నిర్ణాయకం. మళ్ళీ తూముల ప్రశ్నే.

వయసు మళ్ళిన కుక్క

పెంపుడు జంతువులలో వయసుతో పాటు ప్రోస్టేట్ తనంతట తాను పెరిగే వ్యాధి కుక్కలోనే విస్తారంగా కనిపిస్తుంది. కుక్కకు శుక్రాశయ గ్రంథులు లేవు. ప్రోస్టేట్ ఒక్కటే దాని ప్రధాన అనుబంధ గ్రంథి. వృషణాలు ఉన్న మగ కుక్కలలో ఐదేళ్ళు దాటిన వాటిలో సగానికి పైగా ఈ మార్పు మొదలై ఉంటుంది. మనిషిలో పెరిగిన గ్రంథి మూత్రనాళాన్ని నొక్కుతుంది. కుక్కలో అది ఎక్కువగా వెనుకకు, పురీషనాళం వైపు ఒత్తుతుంది. అందువలన యజమాని మొదట గమనించేది మలవిసర్జనలో ముక్కడం, మలం చదునుగా రావడం, లేదా మూత్రంతో సంబంధం లేకుండా రక్తపు చుక్కలు కారడం. వీటిని మలబద్ధకంగా పొరబడి విరేచనాల మందు ఇవ్వడం సాధారణంగా జరిగే తప్పు.

చార్లెస్ హగిన్స్ 1940 నాటికే వృషణాలు తొలగిస్తే కుక్క ప్రోస్టేట్ కుదించుకుపోతుందని, దాని స్రావం ఆగిపోతుందని కొలతలతో చూపాడు. 1966లో అతనికి నోబెల్ బహుమతి తెచ్చిన కృషికి పునాది ఇదే. ఆ తరువాతి ప్రశ్న, వయసు మళ్ళిన కుక్క రక్తంలో టెస్టోస్టిరాన్ పెరగకపోయినా గ్రంథి ఎందుకు పెరుగుతున్నదన్నది. 1976లో వాల్ష్, విల్సన్ వృషణాలు తొలగించిన కుక్కలకు 3-ఆల్ఫా డయోల్‌ను, కొద్దిపాటి ఈస్ట్రడయోల్‌ను కలిపి ఇచ్చి ప్రోస్టేట్‌ను పెంచగలిగారు. గ్రంథి ఆ డయోల్‌ను డి.హెచ్.టి.గా మార్చుకున్నది, ఈస్ట్రడయోల్ ఆండ్రోజన్ గ్రాహకాల సంఖ్యను పెంచింది. పైన నిల్వగా చెప్పిన పదార్థం నిజంగానే నిల్వ అనడానికి ఇది సాక్ష్యం.

చికిత్సలో కూడా ఈ జ్ఞానం అక్కరకు వచ్చింది. వృషణాల తొలగింపు ఇప్పటికీ ఉత్తమ చికిత్సే. కాని సంతానోత్పత్తికి ఉంచిన విలువైన కుక్కకు అది తగదు. 5-ఆల్ఫా రిడక్టేజ్‌ను నిరోధించే ఫినాస్టిరైడ్, 1992లో మనుషుల వాడకానికి అమెరికాలో ఆమోదం పొందిన ఔషధం. వ్యాధిగ్రస్తమైన కుక్కలకు దీనిని 16 వారాలు ఇచ్చిన ఒక ప్రయోగంలో ప్రోస్టేట్ ఘనపరిమాణం సగటున 43 శాతం తగ్గింది. రక్తంలో టెస్టోస్టిరాన్ తగ్గలేదు, వీర్య నాణ్యత చెడలేదు. వృషణంలో శుక్రకణాల ఉత్పత్తికి టెస్టోస్టిరాన్ చాలు, ప్రోస్టేట్ పెరుగుదలకు డి.హెచ్.టి. కావాలి, ఈ తేడాయే చికిత్సకు ఆధారం. మందు ఆపితే గ్రంథి మళ్ళీ పెరుగుతుందని యజమానికి ముందే తెలపాలి. పగిలిన లేదా పొడిచేసిన మాత్రలను గర్భిణీ స్త్రీలు తాకరాదన్నది తప్పనిసరి హెచ్చరిక. మగ పిండం జననాంగాలు ఏర్పడడానికి డి.హెచ్.టి. అవసరం.

సీసాలోని గ్రంథి

ఈ పరిశోధనా చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం ఒక పొరపాటు. మనుషులలో వ్యాధిగ్రస్తమైన ప్రోస్టేట్‌లో డి.హెచ్.టి. ఆరోగ్యవంతమైన గ్రంథిలో కంటె అనేక రెట్లు అధికంగా ఉన్నదని 1970లో ప్రకటితమైంది. పదేళ్ళకు పైగా వ్యాధి కారణం అదేనని పాఠ్యగ్రంథాలు బోధించాయి. 1983లో వాల్ష్, హచిన్స్, యూయింగ్ ఆ పోలికను తిరిగి పరిశీలించారు. వ్యాధిగ్రస్తమైన కణజాలం శస్త్రచికిత్స బల్లపై నుండి తాజాగా వచ్చినది. ఆరోగ్యవంతమైన కణజాలమేమో మృతదేహాల నుండి, మరణించిన ఎన్నో గంటల తరువాత సేకరించినది. ఈసారి రెండింటినీ శస్త్రచికిత్స సమయంలోనే తీసుకున్నారు. రెండింటిలోను డి.హెచ్.టి. గ్రాముకు సుమారు 5 నానోగ్రాములే. మృతదేహాల గ్రంథిలో మాత్రం అది చాలా తక్కువ. మనిషి మరణించినా గ్రంథి ఎంజైములు వెంటనే ఆగలేదు; రక్తం ద్వారా కొత్త టెస్టోస్టిరాన్ రాక ఆగిపోగా, ఉన్న డి.హెచ్.టి.ని అవి డయోల్‌లుగా మారుస్తూ పోయాయి. వాగు ఎండినా తూములు మూతపడలేదు. దశాబ్దానికి పైగా వ్యాధి లక్షణంగా భావించినది నిజానికి నమూనా సేకరణలోని జాప్యం.

కబేళా నుండి గ్రంథులు తెచ్చి పనిచేసే ప్రతి ప్రయోగశాలకూ ఇది వర్తిస్తుంది. ఉదయం కోసిన పొట్టేలు శుక్రాశయ గ్రంథి మధ్యాహ్నం వరకు మామూలు సీసాలో ఉంటే, అప్పుడు కొలిచేది పొట్టేలులోని హార్మోనును కాదు, సీసాలో మిగిలిన హార్మోనును. కోసిన నిమిషాలలోనే కణజాలాన్ని ద్రవ నత్రజనిలో ఘనీభవింపజేయడం, అది లేనిచోట కనీసం మంచులో ఉంచి తక్షణం తరలించడం, కోసిన వేళకూ శీతలీకరణకూ మధ్య గడిచిన సమయాన్ని ప్రతి నమూనాకూ వ్రాసి ఉంచడం అవసరం. రెండు వర్గాల పశువులను పోల్చేటపుడు ఆ సమయం రెండింటికీ ఒకటే అయి ఉండాలి. వేసవిలో ఎండకు వేడెక్కిన వాహనంలో ఈ నియమం ఎంత కష్టమో ఊహించడం కష్టం కాదు. పాటించని చోట వచ్చే అంకెలు మాత్రం నిరుపయోగం.

ఎంజైము శక్తిని కొలిచే పద్ధతిలోనూ ఇటువంటి ఉచ్చు ఒకటి ఉన్నది. కణజాలాన్ని నూరి, గుర్తు వేసిన టెస్టోస్టిరాన్‌తో 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, ఏర్పడిన పదార్థాలను వేరుచేసి లెక్కించడం పరిపాటి. ఎన్.ఎ.డి.పి.హెచ్. చేర్చితే చర్య రిడక్షన్ వైపు మొగ్గుతుంది, ఎన్.ఎ.డి. చేర్చితే ఆక్సీకరణ వైపు తిరిగి ఆండ్రోస్టీన్‌డయోన్ అధికంగా కనిపిస్తుంది. సహకారకాన్ని పేర్కొనకుండా ఇచ్చిన ఫలితానికి అర్థం లేదు. పి.హెచ్. విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మొదటి రకం 5-ఆల్ఫా రిడక్టేజ్ 6 నుండి 8.5 వరకు హాయిగా పనిచేస్తుంది. నూరిన కణజాలంలో రెండవ రకానికి 5 నుండి 5.5 మధ్య ఇరుకైన పరిధి మాత్రమే అనుకూలం. అలవాటు కొద్దీ 7.4 పి.హెచ్. ద్రావణం వాడిన విద్యార్థికి ప్రోస్టేట్‌లో ముఖ్యమైన ఎంజైము అసలు లేనట్లే కనిపిస్తుంది. ఒకే కణజాలాన్ని 5.5 వద్ద, 7 వద్ద విడివిడిగా పరీక్షిస్తే రెండు రకాల వాటా ఎంతో స్థూలంగా తెలుస్తుంది. అందుకు కావలసింది అదనంగా ఒక బఫర్, కొన్ని పరీక్షనాళికలు మాత్రమే.